ప్చ్ గారికి బహిరంగ లేఖ

ప్చ్ గారూ,

నల్లగొండ నుంచి దండాలు. మీ పేరు రాయడమే ఒక తిప్పలు. కాగితం మీద ప, చ కనిపిస్తాయి గానీ నోట్లో ఆ రెండూ ఉండవు. నాలుకను పళ్ల వెనక ఆనించి చటుక్కున లాగితే మీరు పుడతారు. మిగతా మాటలు గాలిని బయటికి వదిలితే మీరు లోపలికి లాక్కుంటారు. ఎదుటివాడికి ఊపిరి కూడా ఇవ్వని పిసినారి సానుభూతి మీది! (దక్షిణాఫ్రికాలో జులూ, ఖోసా భాషల్లో మీ చుట్టాలు మామూలు హల్లులు. అక్కడ వాళ్లు రోజూ మాటల్లో పనిచేసుకుని బతుకుతున్నారు.)

మొన్న వానకు గడియారం సెంటర్ దగ్గర నా స్కూటర్ జారింది. నేను కింద, అది నా మీద. చుట్టూ ఏడెనిమిది మంది, అందరి నోళ్లలోనూ మీరే. ప్చ్, ప్చ్, ప్చ్. మేకల్ని అదిలిస్తున్నట్టుంది. ఒక్క చెయ్యి జేబులోంచి రాలేదు. సీతాఫలాలమ్మే అవ్వ మాత్రం "అయ్యో కొడకా!" అన్నది. మాట పూర్తయ్యేసరికి ఆమె చెయ్యి నా చంక కింద ఉంది.

'అయ్యో' వెనకాల మనిషి వస్తాడు: అయ్యో కొడకా, అయ్యో బిడ్డా. 'వామ్మో' ఏకంగా అమ్మనే పిలుస్తుంది. మీ వెనక మహా అయితే 'పాపం' వస్తుంది, అదీ ఓపికుంటే. వ్యాకరణం మిమ్మల్నందరినీ ఒకే గాటన కట్టి అవ్యయాలంది. లింగం, వచనం, విభక్తి లేవు. మీకు కర్త కూడా లేడు, క్రియ కూడా లేదు. ఎవరు చెయ్యాలి, ఏం చెయ్యాలి అని అడిగే దిక్కులేదు. అందుకే ఆఫీసుల్లో మీకంత గిరాకీ. మా పెద్దనాన్న పింఛను కాగితం చూసి ఒక గుమాస్తా మిమ్మల్నే పలికాడు. పెద్దనాన్నకు అది 'సోమవారం రా' అని వినపడింది. సోమవారం పోతే మళ్లీ మీరే.

మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగినోళ్లను చూడటానికి ఎన్ని కార్లు వచ్చాయో! దిగడం, ప్చ్ అనడం, ఎక్కడం. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మా ఊరి పేరే పెట్టారు. పేరు అట్లా దక్కింది, కార్లవాళ్ల నుంచి మీరు దక్కారు.

అట్లని నేనేం శుద్ధపూసను కాను. నిన్న అదే అవ్వ గంప బోర్లాపడింది. నా నాలుక అప్పటికే పళ్ల వెనక సిద్ధంగా ఉంది. మిమ్మల్ని పలికి, బండికి స్టాండ్ వేసి వెళ్లేలోపు ఆమె సగం కాయలు ఏరుకుంది. తలెత్తి నన్ను చూసి "ఊఁ" అన్నది. ఆ ఊఁకి అర్థమేందో రాత్రంతా తేలలేదు.

ఇట్లు,
మిమ్మల్ని రోజూ వాడేవాడు