దోమ పొట్ట సరే, తల్లి కడుపు మాటేమిటి?

రొయ్యలకు వచ్చే ఈహెచ్‌పీ జబ్బు అంటే ఏమిటో నెల్లూరు జిల్లా విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు రైతులకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. రొయ్య చావదు, అలాగని పెరగదు, మేత మాత్రం తింటూనే ఉంటుంది, చివరికి అమ్ముకునే సైజు (కౌంట్) రాక పెట్టుబడి చెరువులోనే కరిగిపోతుంది. ఆ జబ్బు తెచ్చేది మైక్రోస్పోరిడియా అనే వర్గానికి చెందిన సూక్ష్మజీవి. శిలీంధ్రాలకు దగ్గరి చుట్టం. మన చెరువుల్ని ఇంత ఏడిపిస్తున్న ఈ కుటుంబంలోనిదే ఇంకొకటి కెన్యాలో దోమల ఒంట్లో దొరికింది, విచిత్రం ఏమిటంటే అది ఉన్న దోమలో మలేరియా క్రిమి ఎదగడం లేదు. 2020లో ఈ సంగతి ప్రచురించారు, దానికి మైక్రోస్పోరిడియా ఎంబీ అని పేరు పెట్టారు. అది దోమను చంపదు. తల్లి దోమ నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు, జతకట్టేటప్పుడు ఒకదాని నుంచి ఇంకొకదానికి తనంతట తనే పాకుతుంది. సహజంగా కొద్ది దోమల్లోనే ఉంది కాబట్టి దాన్ని ఎక్కువ దోమలకు ఎలా ఎక్కించాలన్నదే ఇప్పుడు అక్కడ నడుస్తున్న పని.

స్పెయిన్‌లో ఇంకో కథ జరిగింది. జీఎస్‌కే కంపెనీ ల్యాబ్‌లో పెంచుతున్న అనాఫిలిస్ స్టెఫెన్సీ దోమలు ఉన్నట్టుండి మలేరియా క్రిమిని మోయడం మానేశాయి. ప్రయోగం చెడిపోయిందని ఆ దోమల్ని పారబోసి కొత్తవి తెచ్చుకునేవాళ్లే ఎక్కువ, వీళ్లు మాత్రం ఎందుకలా అయిందో వెతికారు. దోమ పేగులో డెల్ఫ్‌టియా అనే బ్యాక్టీరియా చేరి హార్మేన్ అనే పదార్థం వదులుతోందని, దానివల్ల పేగులో క్రిమి గుడ్లు 73 శాతం తగ్గాయని 2023లో వెల్లడించారు. చెరువులో బెల్లం, తవుడు పులియబెట్టి ప్రోబయోటిక్ కలిపి చల్లే మన రైతుకు ఇదేమీ వింతగా తోచదు, చెడ్డ సూక్ష్మజీవి మీదికి మంచి సూక్ష్మజీవిని వదలడమే కదా. డెంగీ దోమ విషయంలో ఇదే దారి ఇంకా ముందుకు పోయింది. ఇండొనేసియాలోని యోగ్యకర్తాలో వోల్బాకియా బ్యాక్టీరియా ఉన్న దోమల్ని వదిలితే డెంగీ 77 శాతం తగ్గింది, మన పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ సంస్థ కూడా అలాంటి దోమల్ని తయారు చేసి పెట్టుకుంది.

ఈ పరిశోధనల్ని మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. మందు కొట్టీ కొట్టీ దోమ మొండిదైపోయింది, మాత్రలకు క్రిమి మొండిదవుతోంది, కొత్త దారి వెతక్క తప్పదు. అయితే ఒక మాట అడక్కుండా ఉండలేం. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూసినప్పటి నుంచి శాస్త్రం కళ్లు దోమ మీదే ఉన్నాయి. ఆ దోమ ఎవర్ని ఎక్కువగా కుడుతుంది, కుట్టాక ఎవరు ఎక్కువగా నష్టపోతారు అన్న ప్రశ్నకు వచ్చేసరికి మాత్రం డబ్బూ, ఓపికా రెండూ సన్నబడతాయి.

గర్భిణిని కుడుతుంది. ఇది అమ్మమ్మల మాట కాదు, గాంబియాలో లెక్కపెట్టి చూసిన సంగతి: మామూలు ఆడవాళ్ల కంటే కడుపుతో ఉన్నవాళ్ల దగ్గరికి మలేరియా దోమలు రెట్టింపు వచ్చాయని 2000లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఊపిరి ఎక్కువ వదులుతారు, ఒళ్లు కాస్త వేడిగా ఉంటుంది, దోమకు ఆ రెండూ ఆనవాళ్లే. ఇక కుట్టాక జరిగేది ఇంకా ఘోరం. ఫాల్సిపారం రకం క్రిమి చేరిన రక్తకణాలు మాయలో (కడుపులో బిడ్డకు తిండి అందించే ప్లాసెంటాలో) ఉన్న ఒక పదార్థాన్ని పట్టుకుని అక్కడే తిష్ఠ వేస్తాయి. అందుకే వేలి మీద పొడిచి తీసిన స్లైడ్‌లో ఒక్కోసారి ఏమీ కనబడదు, జ్వరం కూడా రాకపోవచ్చు, లోపల మాత్రం బిడ్డకు అందాల్సింది అందదు. తల్లికి రక్తం తగ్గిపోతుంది, బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది, కొన్నిసార్లు పుట్టకముందే పోతుంది. మొదటి కాన్పు అయితే ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే మాయలో దాక్కునే ఆ క్రిమిని అంతకుముందు ఆ ఒళ్లు ఎప్పుడూ ఎదుర్కొని ఉండదు. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడపిల్లల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో చెప్పింది. మొదటి కాన్పు ఏ వయసులో జరుగుతోందో వేరే చెప్పాలా?

మందుల సంగతి చూద్దాం. మన దేశంలో ఎక్కువగా కనబడే రెండో రకం, వైవాక్స్, కాలేయంలో నిద్రపోయి నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దాన్ని కాలేయంలోంచి కడిగేసే మందు ప్రైమాక్విన్. గర్భిణికి అది ఇవ్వకూడదు, కడుపులో బిడ్డ రక్తకణాలకు ప్రమాదం. అంటే జ్వరం తగ్గించే క్లోరోక్విన్ ఇచ్చి, కనీసం కాన్పు అయ్యేదాకా మళ్లీ రాకుండా కాచుకోవాలి. మరి కొత్తది కనిపెట్టరా అంటే, కొత్త మందుల ట్రయల్స్‌లో మామూలుగా గర్భిణుల్ని చేర్చుకోరు. చేర్చుకోనందువల్ల భద్రమో కాదో తెలియదు, తెలియదు కాబట్టి ఇవ్వరు. ఆర్టెమిసినిన్ కలిపిన మాత్రలు ప్రపంచమంతా వాడకంలోకి వచ్చిన దాదాపు ఇరవై ఏళ్లకు, 2022లో గానీ, మొదటి మూడు నెలల గర్భిణికి వాటిలో ఒకదాన్ని ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పలేకపోయింది. పిల్లల కోసం రెండు టీకాలు వచ్చేశాయి, 2021లో ఒకటి, 2023లో ఒకటి, రెండోది తయారవుతున్నది పుణెలోనే. మాయలో క్రిమిని అడ్డుకునే టీకాలకు తొలి దశ ట్రయల్స్ జరిగాయి, ఆ తర్వాత వాటికి పిల్లల టీకాలకు దొరికినంత డబ్బు దొరకలేదు.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన మలుపు ఉంది, మేము ఈ సంపాదకీయం రాయడానికి సగం కారణం అదే. ఆఫ్రికాలో గర్భిణులకు మలేరియా రాకుండా సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ మాత్రలు ముందుగానే ఇస్తారు. క్రిమి ఆ మందుకు మొండికేసింది కాబట్టి దాని బదులు ఇంకో గట్టి మందు ఇస్తే ఎలా ఉంటుందని కెన్యా, మలావీ, టాంజానియాల్లో పెద్ద ట్రయల్ చేశారు, 2023లో ఫలితాలు వచ్చాయి. కొత్త మందు మలేరియాను బాగా తగ్గించింది. కానీ బిడ్డల విషయంలో పాత మందు తీసుకున్నవాళ్లే మెరుగ్గా ఉన్నారు! మలేరియాను సరిగా ఆపలేని మందు బిడ్డను ఎలా కాపాడింది? ఆ పాత మందుకు బ్యాక్టీరియాను చంపే గుణం కూడా ఉంది, తల్లి ఒంట్లోని ఇతర సూక్ష్మజీవుల మీద, బహుశా పేగుల్లో, అది ఏదో మేలు చేస్తోందని పరిశోధకుల అనుమానం. ఇంకా తేలలేదు. తేలితే మాత్రం లెక్కంతా మారిపోతుంది. ఎందుకంటే ఇన్నాళ్లూ మలేరియావాళ్లు క్రిమిని, సూక్ష్మజీవుల వాళ్లు పేగుల్ని, కాన్పు డాక్టర్లు బీపీని, రక్తహీనతను ఎవరికి వాళ్లు చూసుకుంటున్నారు. తల్లి ఒళ్లు మాత్రం ఒక్కటే.

"మన దగ్గర మలేరియా ఎక్కడుందండీ, అదంతా మన్యం గొడవ" అనేవాళ్లు ఉంటారు. నిజమే, రాష్ట్రంలో కేసుల్లో ఎక్కువ భాగం అల్లూరి, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనే. 2027 నాటికి స్థానిక కేసులు సున్నా చేయాలని, 2030కల్లా మలేరియాను దేశం నుంచే వెళ్లగొట్టాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. మా టెన్షన్ సరిగ్గా అక్కడే. కేసులు తగ్గేకొద్దీ పరీక్ష చేసే అలవాటు తగ్గుతుంది. జ్వరం వస్తే డెంగీ, టైఫాయిడ్ రాసి పంపేస్తారు. మిగిలిన నాలుగు కేసులూ ఎవరూ చూడని చోట మిగులుతాయి. ఆ చోట్లు ఏవో ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తిరిగినవాళ్లకు తెలుసు. యర్రగొండపాలెం, పెద్దదోర్నాల, పుల్లలచెరువు వైపు నల్లమల లోపలి చెంచు గూడేలు. పాలుట్ల లాంటి చోట్ల నుంచి నెలలు నిండిన మనిషిని రోడ్డెక్కించడమే ఒక గండం. రాత్రిళ్లు రొయ్యల చెరువు గట్టు మీద గుడిసెలో కాపలా పడుకునే యానాది కుటుంబాలు. మలేరియా ఎక్కువగా ఉన్న ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చేవాళ్లు. చీమకుర్తి క్వారీల్లో పనిచేసే వలస కూలీలు, ఆ క్వారీ గుంతల్లో నిలిచే వాన నీళ్లు. వీళ్లలో కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఎందరో, వాళ్లలో ఎందరికి మలేరియా పరీక్ష చేశారో ఏ రికార్డులో వెతకాలి?

సగటు లెక్కలు చూసి మురిసిపోవడం మనకు అలవాటు. 2018-20 లెక్కల్లో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు దేశంలో 97 అయితే మన రాష్ట్రంలో 45. మంచిదే. కేరళలో 19. అయినా ఆ 45 ఒంగోలు సెంటర్‌లో ఉండే టీచరమ్మకూ, గూడెంలో ఉండే చెంచు ఆడబిడ్డకూ ఒకేలా వర్తించదు కదా. రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది, కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. ఈ రెండు అంకెలూ పైన చెప్పిన 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలోవే. ఒకచోట అక్కర్లేని కోత, ఇంకోచోట అవసరమైన కోతకు కూడా అందని దూరం. డబ్బున్న దేశమైతే ఇది ఉండదనుకోవద్దు, అమెరికాలో 2022లో ఇదే లెక్కన తెల్లవాళ్లలో 19 మంది తల్లులు పోతే నల్లవాళ్లలో 49.5 మంది పోయారు. ఆస్పత్రులు లేక కాదు.

మేము అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు. గర్భం నమోదు చేసేటప్పుడు హిమోగ్లోబిన్‌కు రక్తం తీస్తారు కదా, గూడేల్లో, బట్టీల్లో, క్వారీ షెడ్లలో అదే వేలి చుక్కతో మలేరియా కిట్ కూడా పెట్టండి, జ్వరం ఉన్నా లేకపోయినా, నెలలు పెరిగాక ఇంకోసారి. ఫలితాన్ని మలేరియా రిజిస్టర్‌లో ఒకచోట, గర్భిణుల రిజిస్టర్‌లో ఇంకోచోట పడేయకుండా రెండు విభాగాల వాళ్లకూ కనబడేలా రాయండి. ఆధార్ లేదని యానాది ఆడవాళ్ల పేర్లు ఎక్కించకపోవడం ఇప్పటికీ జరుగుతోంది, పొట్ట కనబడుతుంటే కార్డు చూపించమనడం ఏం పద్ధతి? చెంచుల వంటి తెగల కోసమని 2023 నవంబరులో పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకం మొదలుపెట్టారు, ఇళ్లు, రోడ్ల సంగతి సరే, కాన్పుకు పది రోజుల ముందే ఆస్పత్రి దగ్గర ఉండే గది, ఆమె వెంట వచ్చే మనిషికి తిండి ఆ డబ్బులోంచి ఏర్పాటు చేయలేరా?

పరిశోధన సంగతికొస్తే, సూక్ష్మజీవుల గురించి నెల్లూరుకు బయటివాళ్లు వచ్చి చెప్పాల్సినంత అజ్ఞానంలో మనం లేం. ముత్తుకూరు మత్స్య కళాశాల ఉంది, నెల్లూరులో, ఒంగోలులో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. రొయ్యలో మైక్రోస్పోరిడియాను పట్టుకునే పీసీఆర్ పరీక్ష మన జిల్లా ల్యాబుల్లో రోజూ జరిగేదే. ఆ చెరువుల చుట్టూ ఉన్న దోమల్లో ఏమున్నాయో చూడటానికి కొత్త భవనాలు కట్టనక్కర్లేదు, ఈ రెండు రకాల కాలేజీల వాళ్లు ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే సగం పని అయినట్టే. ఒక షరతు మాత్రం పెట్టాలి. గూడేల్లో తల్లుల దగ్గర రక్తం, నమూనాలు తీసుకుని వెళ్లినవాళ్లు ఏం తేలిందో వాళ్ల భాషలో వాళ్లకే ముందు చెప్పాలి, లోపం బయటపడితే వైద్యం కూడా వాళ్లే చూపించాలి. చెంచులను కొలిచినవాళ్లు చాలామంది వచ్చారు, తిరిగొచ్చి చెప్పినవాళ్లు తక్కువ.

ఇంకొకటి, చిన్న విషయమే గానీ మాకు ఏటా చిరాకు తెప్పించేది. దేశమంతా మలేరియా వ్యతిరేక మాసం జూన్‌లో జరుపుతారు, మనం కూడా ఫ్లెక్సీలు కట్టి ర్యాలీలు తీస్తాం, ఫొటోలు పత్రికలకు పంపిస్తాం, మేమూ వేస్తాం. నెల్లూరు జిల్లాకు పెద్ద వాన పడేది ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. గుంతలు నిండేది అప్పుడు. కాబట్టి పరీక్ష కిట్లు, దోమతెరలు సెప్టెంబరు ఆఖరుకల్లా గూడేల్లో ఆశా కార్యకర్తల చేతికి చేరాలి, కిట్ డబ్బా మీద గడువు తేదీ చూసి మరీ.