ఊరిని దాటకుండా ఇల్లు చేరే చోటే అద్దెకు తీసుకోండి

తిరుపతిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన పాతికేళ్ళ అబ్బాయో అమ్మాయో అద్దె ఇల్లు ఎక్కడ చూసుకోవాలని అడిగితే పెద్దలు రెండే సలహాలు చెబుతారు. ఆఫీసు పక్కనే చూసుకో, లేకుంటే చవకగా దొరికే చోట చూసుకో. నా దృష్టిలో రెండూ తప్పే. ఈ ఊరిలో ఒంటరిగా ఉండే ఉద్యోగి ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. రాత్రి పదింటికి పని ముగిస్తే, ఊరి నడిబొడ్డును దాటే అవసరం లేకుండా ఇల్లు చేరగలనా? చేరగలిగితే అద్దె వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా ఆ ఇల్లు తీసుకోవాలి. చేరలేకపోతే గాలీ వెలుతురూ ఎంత బాగున్నా ఆ ఇంటిని వదిలేయాలి.

ఊరు పెరిగిన తీరు చూస్తే ఇది చాదస్తం కాదని తెలుస్తుంది. ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. మధ్యలో తూర్పు పడమరలుగా సాగే రైలు మార్గం ఊరిని రెండుగా చీల్చింది. పెరగడానికి ఎక్కువగా మిగిలినవి తూర్పు, పడమర దిక్కులే కనుక ఉద్యోగాలు కూడా చెరో వైపూ చేరాయి. తూర్పున రేణిగుంట విమానాశ్రయం పరిసరాల్లో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు, కరకంబాడిలో బ్యాటరీల కర్మాగారం, ఏర్పేడు వైపు 2015లో మొదలైన ఐఐటీ, సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉన్నాయి. పడమటి వైపు 1954 నాటి ఎస్వీ విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్, రుయా, అలిపిరి దారిలోని ఆసుపత్రులు, ఆపైన చంద్రగిరి మార్గంలో ప్రైవేటు కళాశాలలు. ఈ రెండు వైపుల నడుమ బస్టాండు, రైల్వే స్టేషను, గోవిందరాజస్వామి ఆలయం, సత్రాలు, లాడ్జీలు. పని ఒక కొసన, ఇల్లు మరో కొసన ఉంటే రోజూ రెండుసార్లు ఆ రద్దీని దాటాలి.

ఆ నడిమి భాగం ఊరివారిది కాదు, భక్తులది. శ్రీనివాస సేతు వచ్చాక కొంత ఊపిరి ఆడిన మాట నిజమే. కానీ అది ప్రధానంగా కొండకు వెళ్ళే వాహనాన్ని రద్దీ తగలకుండా పంపడానికి కట్టిన వంతెన. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు, వైకుంఠ ఏకాదశి ముందు రోజుల్లో కింది వీధులు ఎవరి చేతుల్లో ఉంటాయో ఇక్కడివారికి చెప్పక్కర్లేదు. 2025 జనవరి 8 రాత్రి దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయిన బైరాగిపట్టెడ, కుటుంబాలు కాపురం ఉండే ప్రాంతమే. వాన పడిన రాత్రి పరిస్థితి మరీ ఘోరం. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచిన నీటిలో వాహనం చిక్కుకుని, కర్ణాటక నుంచి స్వామి దర్శనానికి వచ్చిన కొత్త పెళ్ళికూతురు ప్రాణం పోయింది. ఊరి అటు ఇటు తిరగడానికి ఇలాంటి దారుల మీద ఆధారపడే ఉద్యోగులు వేలల్లో ఉన్నారు.

కనుక నా మాట సూటిగా చెబుతాను. విశ్వవిద్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, చంద్రగిరి వైపు కళాశాలల్లో పనిచేసేవారు ముత్యాలరెడ్డిపల్లె, తుమ్మలగుంట, పేరూరు వైపు చూడాలి. రేణిగుంట, కరకంబాడి, ఏర్పేడులో పనిచేసేవారికి తిరుచానూరును మించినది లేదు. తడ దగ్గరి పారిశ్రామిక వాడ శ్రీసిటీలో ఉద్యోగమైతే తిరుపతిలో ఇల్లు తీసుకోవడమే పొరపాటు. అక్కడ పనిచేసేవారు సూళ్ళూరుపేటలోనో తడలోనో ఉంటే చెన్నై లోకల్ రైలు అందుబాటులో ఉంటుంది. రోజుకు మూడు గంటలు బస్సులో కూర్చుని దాన్ని ఉద్యోగంలో భాగమనుకునే యువతను చూస్తే బాధ కలుగుతుంది.

తిరుచానూరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది దాన్ని గుడి ఊరిగా చూసి పక్కన పెడతారు. ఒంటరి ఉద్యోగికి ఆ గుడే పెద్ద అండ. అమ్మవారి ఆలయం ఉన్నందువల్ల వీధుల్లో రాత్రి పొద్దుపోయే దాకా దీపాలు, మనుషులు, తెరిచి ఉన్న దుకాణాలు కనిపిస్తాయి. తిరుపతి వైపు షేర్ ఆటోలు తెగకుండా నడుస్తాయి. టిఫిన్ బండ్లు, మెస్సులు, కర్రీ పాయింట్లు నడిచే దూరంలో దొరుకుతాయి. పని నుంచి అలసి వచ్చి అన్నం ఒక్కటే వండుకునే మనిషికి కర్రీ పాయింట్ ఉన్న వీధి ఎంత విలువైనదో కుటుంబంతో ఉండేవారికి అంత సులభంగా అర్థం కాదు. రైల్వే స్టేషను ఉంది. రేణిగుంట దారి ఉంది. కార్తీక బ్రహ్మోత్సవాల చివరి రోజు పంచమీ తీర్థానికి జనసముద్రం దిగుతుంది. ఆ రోజుకు సెలవు పెట్టుకుంటే సరిపోతుంది.

ఒక్కటే షరతు. స్వర్ణముఖి ఒడ్డుకు ఆనుకున్న వీధుల్లో ఇల్లు వద్దు. 2021 నవంబరు వరదల్లో తిరుచానూరు దగ్గర నది ఒడ్డును కోసి ఇంటినే పడగొట్టింది. ఆ నెలలోనే రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది గ్రామాలను ఖాళీ చేయించారు. పడమటి వైపు చూసేవారికి కూడా ఇదే హెచ్చరిక. పేరూరు, అవిలాల పేర్లు చెప్పగానే చెరువులు గుర్తుకు రావాలి. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. కొత్త ఉద్యోగాలేమో ఎక్కువగా జూన్, జూలైలలో మొదలవుతాయి. పొడి నేల చూసి అడ్వాన్సు ఇచ్చేసి నవంబరులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడకుండా ఉండాలంటే, ఇంటి యజమానిని కాదు, ఎదుటి దుకాణం అతన్ని అడగండి: 2021లో నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయి?

దీనికి వ్యతిరేకంగా వినిపించే వాదన నాకు తెలుసు. ఒంటరి మనిషి, ఒక బండి కొనుక్కుంటే ఎక్కడైనా ఉండవచ్చు, పెళ్ళికి ముందు నాలుగు డబ్బులు వెనకేసుకోవాలంటే కంపెనీ గేటు దగ్గర గదే మంచిదని అంటారు. పొదుపు అవసరమే. కానీ ఈ లెక్కలో రెండు లోపాలున్నాయి. రేణిగుంట రోడ్డు మీద లారీలు, యాత్రికుల బస్సుల మధ్య రాత్రి షిఫ్టు ముగించుకుని నిద్రమత్తులో బండి నడపడాన్ని పొదుపు అనలేం. ఇక కంపెనీ గేటు దగ్గరి గది ఆ కంపెనీలో ఉన్నంత కాలమే పనికొస్తుంది. ఈ తరం ఉద్యోగి రెండేళ్ళకో మూడేళ్ళకో ఉద్యోగం మారతాడు. అప్పుడు ఇల్లు మారాలి, స్నేహాలు మారాలి, జ్వరం వస్తే పిలిచే మనిషి మారాలి. ఊరి అంచున ఉన్నవారికి అదే వైపు ఉద్యోగం మారినా వీధి మారదు.

అద్దె మాట వచ్చింది కనుక, యువత గమనించకుండా పోగొట్టుకునే డబ్బు గురించి కూడా చెప్పాలి. మేడ మీద ఒంటి గది, పెంట్‌హౌస్ అని అద్దెకిచ్చే చోట్ల చాలాసార్లు విడి కరెంటు మీటరు ఉండదు. యజమాని సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఎనిమిదో తొమ్మిదో వసూలు చేస్తారు. 2022లో నిర్ణయించిన గృహ శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ రూ.1.90, ఆపైన 75 దాకా రూ.3. ఒక ఫ్యాను, రెండు లైట్లు, చిన్న ఫ్రిజ్‌తో 60 యూనిట్లు కాల్చే మనిషికి సొంత మీటరు ఉంటే వినియోగం కింద రూ.147 అవుతుంది. సర్‌ఛార్జీల వంటివి కొంత కలుస్తాయి. అదే 60 యూనిట్లకు తొమ్మిది చొప్పున కడితే రూ.540. తక్కువ వాడేవారి కోసం ప్రభుత్వం పెట్టిన చవక ధర, తక్కువ వాడే ఒంటరి మనిషికే దక్కడం లేదు. విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరిలోనే ఇలా జరుగుతోంది. విడి మీటరు ఉందా అని ఇల్లు చూసిన రోజే అడగండి. తాగునీరు క్యాన్లతోనా, వాడుక నీరు బోరుదా ట్యాంకరుదా, వేసవిలో ఆ బోరు ఎండుతుందా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి.

ఇంతకన్నా పెద్ద అడ్డంకి టులెట్ బోర్డు మీదే రాసి ఉంటుంది: కుటుంబాలకు మాత్రమే. నెల జీతం, గుర్తింపు కార్డు, తల్లిదండ్రుల ఫోను నంబరు అన్నీ చూపించినా, పెళ్ళి కాలేదన్న ఒక్క కారణంతో తలుపు మూసేస్తారు. తలుపు తెరిచినవారిలో కొందరు తరువాత అడిగేది కులం. ఆపైన మాంసం వండకూడదు, స్నేహితులు రాకూడదు, తొమ్మిదింటికి గేటుకు తాళం. ఈ చివరి నియమం ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. స్విమ్స్‌లో రెండో షిఫ్టు చేసే నర్సు మీద, రేణిగుంట ఫ్యాక్టరీలో పనిచేసే యువతి మీద. ఆమె రక్షణ కోసమే తాళం అంటారు. రాత్రి పదిన్నరకు పని నుంచి వచ్చిన అమ్మాయిని వీధిలో నిలబెట్టే తాళం ఆమెకు రక్షణ ఎలా అవుతుంది? గేటు తాళం చెవి ఒకటి ఆమె చేతికివ్వడమే రక్షణ. యజమానుల భయాలన్నీ కల్పితాలని నేను అనను. ఇల్లు పాడుచేసి అద్దె ఎగ్గొట్టి పోయినవారు ఉంటారు. దానికి మందు రాతపూర్వకమైన ఒప్పందం. పెళ్ళయినవారిలోనూ అద్దె ఎగ్గొట్టేవారు ఉన్నారు కదా.

2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం చదివితే మార్గం కనిపిస్తుంది. నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. యజమాని లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలి, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. తగవు వచ్చిందని నీళ్ళు, కరెంటు ఆపకూడదు. నమూనా చట్టం కనుక దానికదే అమల్లోకి రాదు, రాష్ట్రాలు తమ చట్టంలో రాసుకుని నడపాలి. కానీ ఈ మూడు మాటలను మీ పదకొండు నెలల ఒప్పందంలో రాయించుకోవడానికి ఏ ప్రభుత్వమూ కదలనవసరం లేదు.

ఇక్కడే అసలు విషయానికి వస్తాను. ఒక రాత్రి ఉండి వెళ్ళేవారి కోసం ఈ ఊరు చేసినంత, ఏడాదంతా ఉండి పనిచేసేవారి కోసం చేయలేదు. భక్తుడికి బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషను ఎదురుగా విష్ణునివాసం వసతి సముదాయాలు ఉన్నాయి. కొండకు బస్సు కోసం అతను ఎక్కువ సేపు ఎదురుచూడాల్సిన పని లేదు. 2022లో విద్యుత్ బస్సులు వచ్చినప్పుడు కూడా ముందుగా ఘాట్ రోడ్డుకే కేటాయించారు. అదంతా అవసరమే, దాన్ని తగ్గించమని ఎవరూ అడగరు. అదే ఊరిలో రాత్రి పదింటికి రేణిగుంటలో షిఫ్టు దిగిన కార్మికుడికి కంపెనీ బస్సు లేకపోతే దిక్కు షేర్ ఆటో, అదీ నిండేదాకా కదలదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా కేంద్రమైంది. పరిశ్రమలకు భూమి ఇచ్చారు, రాయితీలిచ్చారు. వాటిలో పనిచేసే యువత ఎక్కడ పడుకుంటారు, ఎలా వస్తారు పోతారు అన్న ప్రశ్నకు చోటు దక్కలేదు. పారిశ్రామిక కార్మికులకు అద్దె వసతి గృహాలు కడతామని 2024 జూలై కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అలాంటివి రేణిగుంట, ఏర్పేడు మధ్య కాకపోతే రాష్ట్రంలో ఇంకెక్కడ కడతారు?

అన్నిటికన్నా నాకు అర్థం కానిది రైలు విషయం. పాకాల, చంద్రగిరి, తిరుపతి వెస్ట్, తిరుపతి, తిరుచానూరు, రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి. ఈ స్టేషన్లను వరుసగా చదవండి. కళాశాలలు, విశ్వవిద్యాలయాలు, పరిశ్రమలు, ఐఐటీ దాదాపు అన్నీ ఈ ఒక్క దారి పక్కనే ఉన్నాయి. పట్టాలు ఇప్పటికే ఉన్నాయి. ప్యాసింజరు రైళ్ళు కొన్ని తిరుగుతున్నా వాటి వేళలు ఉద్యోగిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవి కావు. తిరుపతి, పాకాల, కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల రెండో లైనుకు 2025 ఏప్రిల్‌లో కేంద్రం రూ.1,332 కోట్లతో ఆమోదం తెలిపింది. ఆ లైను గురించి నేను విన్న మాటల్లో దర్శనానికి వచ్చే భక్తుల పేరు ఉంది, సరుకు రవాణా పేరు ఉంది. చంద్రగిరిలో ఉండి రేణిగుంటలో పనిచేసే మనిషి పేరు నాకు వినిపించలేదు.

షిఫ్టుల వేళలకు కుదిరేలా చంద్రగిరి నుంచి ఏర్పేడు దాకా మెమూ రైళ్ళు (తక్కువ దూరం తిరిగే కరెంటు ప్యాసింజరు రైళ్ళు) నడిపితే, పైన నేను చెప్పిన నియమమే అక్కర్లేకుండా పోతుంది. పడమటి వైపు ఉండేవారు తూర్పున పనిచేయవచ్చు, నడిమి ఊరిని రైలే దాటిస్తుంది. ఏర్పేడు స్టేషను నుంచి ఐఐటీ, ఐసర్‌లకు, రేణిగుంట స్టేషను నుంచి ఫ్యాక్టరీలకు ఆ రైళ్ళతో కలిసేలా బస్సులు కావాలి. ఆర్టీసీ, కలెక్టరు, పరిశ్రమల యాజమాన్యాలు ఒకచోట కూర్చుంటే కుదిరే పని ఇది. రైల్వే గుంతకల్లు డివిజన్ అధికారులు దీన్ని ప్రయోగంగానైనా మొదలుపెట్టాలి. మొదటి రైలు రాత్రి పదిన్నరకు రేణిగుంట నుంచి బయలుదేరి తిరుచానూరు, తిరుపతి, తిరుపతి వెస్ట్, చంద్రగిరిలలో ఆగేదిగా ఉండాలి.