సవరణ: మెర్నెప్తా శిలాఫలకంలో మోషే లేడు

మోషే వెంట ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) నుంచి బయటపడిన బైబిలు కథ, మెర్నెప్తా అనే ఫరో (ఈజిప్టు రాజు) వేయించిన శిలాఫలకం మీద చెక్కి ఉందని మొన్న పోస్ట్ పెట్టాను. అది తప్పు. ఫార్వర్డ్‌లో వచ్చిన ఫొటో కింద రాసింది నమ్మేశాను, శాసనం చదవలేదు.

ఇప్పుడు ఈజిప్టు శాసనాల ప్రామాణిక అనువాదం చూశాను. 1896లో పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ ఈజిప్టు పాత నగరం తీబ్స్‌లో బయటికి తీసిన ఈ రాతి మీద 28 పంక్తులున్నాయి. చాలావరకు లిబియా వాళ్లపై గెలుపు గురించే. చివర్లో కనాను (ఇప్పటి ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతం) ముచ్చట వస్తుంది: అష్కెలోను, గెజెరు, యనోయాము, ఆ వెంటనే ఇశ్రాయేలు. ‘ఇశ్రాయేలు పాడైంది, దాని విత్తనం లేదు’ అని ఒకే ఒక్క మాట. ఫరోల గొప్పలు తెలిసినవే కదా!

నన్ను ఆపింది ఒక చిన్న గుర్తు. ఆ మూడు ఊళ్ల పేర్ల పక్కన కొండల బొమ్మ ఉంది, అంటే ప్రాంతం. ఇశ్రాయేలు పక్కన కూర్చున్న ఒక మగ, ఒక ఆడ, కింద మూడు గీతలు. అంటే జనం. క్రీ.పూ. 1208 ప్రాంతంలో కనానులో ఆ పేరుతో ఒక జనం ఉన్నారని దీన్నిబట్టి చెప్పొచ్చు. మోషే, తెగుళ్లు, ఎర్రసముద్రం ఇందులో లేవు.

పాత పోస్ట్ తీసేశాను.