కుక్కపిల్లల ఆహారపు సంచి గారికి, కావలి నుంచి

మహారాజశ్రీ సంచి గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరి బరువు 1.2 కిలోలు, ఖరీదు 380 రూపాయలు, తమ మూతికి జిప్పు ఉంది. ఆ జిప్పు పుణ్యమా అని ఈ మధ్యాహ్నం రెండు గంటలు డాబా మీద ఎండలో కూర్చున్నాను.

నొక్కితే గట్టిగా మూసుకుంటుందని తమ మీదే రాసి ఉంది. నొక్కాను. పడుకోబోయే ముందు మళ్లీ నొక్కాను. పొద్దున చూస్తే ఎర్రచీమలు బారులు తీరి లోపలికి వెళ్తున్నాయి. పారేద్దామంటే ఇంకా అరకిలో పైనే ఉంది. చేటలో పోసి చెరిగాను. చీమలు పొల్లులా ఎగిరిపోతాయనుకున్నాను. ఎగరలేదు, గింజను కరుచుకుని వేలాడాయి. ఒక్కొక్క గింజా తీసి తట్టాను. కింద పడినదాన్ని రాగి చీమతో సహా మింగింది.

రాగి మా కుక్కపిల్ల. కార్తీక మాసం వానల్లో కల్వర్టు కింద దొరికింది. రంగును బట్టి ఆ పేరు పెట్టాం. తర్వాత తిండీ అదే అయింది.

చీమలు దులుపుతూ తమ వీపు చదివాను. అక్కడొక పట్టిక. ఎన్ని గ్రాములు పెట్టాలో తెలియాలంటే ముందు కుక్క పెద్దయ్యాక ఎంత బరువు ఉంటుందో చెప్పాలట! అయ్యా, మాది వీధి కుక్క. తల్లిని నేను చూడలేదు. తండ్రి సంగతి ఆ తల్లినే అడగాలి. ఇప్పటి బరువు అడగండి, చెబుతాను: బియ్యం కొట్టు కాటా మీద 5 కిలోల 200 గ్రాములు. అది తమకు అక్కర్లేదు. 10 కిలోల గడిలో నాలుగో నెలకు 150 గ్రాములు, 20 కిలోల గడిలో 250. మొదటిదైతే తమరు ఎనిమిది రోజులు వస్తారు. రెండోదైతే అయిదు రోజులు కూడా రారు. నా నెల ఖర్చంతా ఆ రెండు గడుల మధ్య నిలబడి ఉంది.

పోనీ, గ్రాములు దేనితో కొలవాలి? టీ గ్లాసు నిండా గింజలు పోసుకుని కిరాణా కొట్టుకు వెళ్లాను. వెనక నలుగురు నిలబడి ఉండగా తూయించాను. 70 గ్రాములు. ‘మందా?’ అని అడిగాడు కొట్టతను. మా అవ్వకు ఈ సంగతి చెబితే, ‘కుక్కకు కొలత ఏమిటిరా, తిన్నంత పెట్టు’ అంది. ఆవిడ కాలంలో కుక్కలు చేపల పులుసు గిన్నెలు నాకి బతికాయి. ఉల్లిపాయ కుక్కలకు విషమని చెబితే నన్నే వింతగా చూసింది.

తమ ముఖం మీద కోడితొడ బొమ్మ. వెనక పదార్థాల జాబితాలో మొదటి పేరు ధాన్యాలు. ఎక్కువ ఉన్నదాన్నే ముందు రాస్తారు కదా. నెల్లూరు జిల్లావాడికి 380 రూపాయలకు ధాన్యం అమ్ముతావా? సిగ్గుందా నీకు? మా వీధి చివర చికెన్ కొట్టులో కోడికాళ్లు ఊరికే ఇస్తారు. ఉప్పూకారం లేకుండా పసుపు వేసి ఉడికించి, ఎముకలన్నీ ఏరి, ఆ నీళ్లతో సంకటి కలిపి, రోజు విడిచి రోజు గుడ్డు పెడితే నీ కన్నా చవక.

టీకాల ఖర్చు వేరే. రేబిస్ టీకా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. రాగికి మూడు నెలలు సంక్రాంతికే నిండాయి. అప్పటిదాకా ఎలా ఆగను? డబ్బిచ్చి వేయించాను.

అయినా నిన్ను పూర్తిగా మానలేను. ఉత్త పాలూ అన్నంతో పెంచితే సున్నం చాలక కాళ్లు వంగుతాయని డాక్టరు భయపెట్టారు. అందుకని సంకటి మీద అరగ్లాసు చల్లుతున్నాను. ఆ కృతఘ్నురాలు నీ గింజల్ని ఒక్కొక్కటీ ఏరుకుని కరకరలాడించి, సంకటి వైపు చూసి, నా వైపు చూస్తుంది.

ఈ రాత్రి నుంచి నీ మకాం అవ్వ జంతికల డబ్బాలో. ఆవిడకు ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
రాగి ఇంటివాడు

తా.క.: ఈ ఉత్తరం రాస్తుండగా రాగి ఖాళీ సంచిని ఈడ్చుకుపోయి పట్టికను నమిలింది. నోట్లోంచి ముక్క లాగి చూశాను. 20 కిలోల గడి, దాని పక్కవి పోయాయి. 10 కిలోల గడి మిగిలింది. అదే ఖాయం చేసుకున్నాను.