రేటింగ్ చూసి ఇల్లు కొన్నాం, బడి గడప తొక్కామా?

డాలస్‌కి ఉత్తరాన మేముండే సబర్బ్‌లో ఏ తెలుగువాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళినా ముందు వినపడే మాట ఒకటే. "ఎలిమెంటరీ ఏది పడింది? రేటింగ్ ఎంత?" ఇల్లు ఎక్కడుంటే ఆ ప్రాంతపు సర్కారు బడే పడుతుంది కాబట్టి, బడికి వచ్చిన రేటింగ్ చూసే ఇల్లు కొంటారు. మేమూ అలాగే కొన్నాం. బడి కోసం వంటగది చిన్నదైనా సర్దుకున్నాం, ఆఫీసు దూరమైనా సర్దుకున్నాం. టెక్సస్‌లో ఇంటి పన్నులో పెద్ద వాటా ఆ ప్రాంతపు బళ్ళు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కే పోతుంది. ఏటా ఆ బిల్లు కట్టేటప్పుడు కూడా "బడి కోసమేగా" అనుకుంటాం. అంత ఖర్చు పెట్టి తెచ్చుకున్న బడి లోపల ఎలా ఉంటుందో మాత్రం రెండేళ్ళ పాటు నాకు తెలియదు. పొద్దున కారు లైన్లో పిల్లాణ్ణి దింపడం, మధ్యాహ్నం అదే లైన్లో ఎక్కించుకోవడం. అంతవరకే.

మావాడు రెండో తరగతిలో ఉండగా టీచర్‌తో మీటింగ్ వచ్చింది. ఒక్కో కుటుంబానికి ఇరవై నిమిషాలు. నేను ప్రశ్నలన్నీ ఫోన్‌లో రాసుకుని మరీ వెళ్ళాను. మ్యాథ్ ఏ లెవెల్, చురుకైన పిల్లల్ని ఎంచే గిఫ్టెడ్ టెస్ట్ ఎప్పుడు, పై తరగతి వర్క్‌షీట్లు ఇస్తారా. ఆవిడ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. ఇంకో రెండు మూడు నిమిషాలుందనగా ఫైలు మూసేసి, "ఆటల టైంలో మీ అబ్బాయి కంచె వెంటే ఒక్కడూ తిరుగుతుంటాడు. ఇంట్లో ఏమైనా చెప్పాడా?" అని అడిగారు.

వాడు చెప్పలేదు. నేను అడగనూ లేదు. రోజూ కారెక్కగానే నేనడిగేది "ఇవాళ టెస్ట్ ఎలా రాశావు?" అనే. ఆ రోజు పార్కింగ్ లాట్‌లో కారు స్టార్ట్ చెయ్యకుండా చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆ వారమే వాలంటీర్ ఫారం నింపాను. ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక శుక్రవారం పొద్దున ఒక గంట ఇచ్చారు. తరగతి గది బయట వరండాలో రెండు బుల్లి కుర్చీలు వేస్తారు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నా పక్కన కూర్చుని పుస్తకం పైకి చదువుతారు. నేను వింటాను. నా ఉద్యోగం అదే.

ఇంట్లో స్పానిష్ మాట్లాడుకునే పిల్లాడొకడు ఉండేవాడు. అక్షరాల కింద వేలు పెట్టుకుని చదివేవాడు. మాట దగ్గర ఆగిపోతే పుస్తకం వైపు కాదు, నా మొహం వైపు చూసేవాడు. నాకు ఉండబట్టేది కాదు, వెంటనే ఆ మాట అందించేసేదాన్ని. ఒకరోజు టీచర్ అటుగా వెళ్తూ చూసి, "మనసులో అయిదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే చెప్పండి" అన్నారు. అయిదు అంకెలు అంత పొడుగుంటాయని నాకు ఆ రోజే తెలిసింది. మూడు దగ్గర వాడి వేలు మళ్ళీ మాట మొదటికి వచ్చింది. నాలుగు దగ్గర పెదవులు కదిలాయి. తర్వాత మాట బయటికొచ్చింది, దాంతో పాటు వాడి ఊపిరీ బయటికొచ్చింది. ఇంట్లో మావాడికి నేనెప్పుడైనా అయిదు లెక్కపెట్టానా? హోంవర్క్ దగ్గర కూర్చుంటే పెన్సిల్ లాక్కుని నేనే చేసి చూపించేదాన్ని.

వరండాలో కూర్చుంటే గది లోపల జరిగేది కూడా కనపడుతుంది. పొద్దున పిల్లలంతా తివాచీ మీద గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు తమ సంగతేదో చెబితే మిగతావాళ్ళు దాని మీద ప్రశ్న అడగాలి. గోడ మీద పనుల పట్టిక ఉంటుంది: వరసకి ముందు నడిచేది ఎవరు, తలుపు పట్టుకునేది ఎవరు, మొక్కకి నీళ్ళు పోసేది ఎవరు. వారం వారం పేర్లు మారతాయి. బయట నుంచి విన్నప్పుడు ఇవన్నీ కాలక్షేపం అనుకున్నాను. కాదు. ఎదుటివాళ్ళు చెప్పేది వినడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, తన పని మర్చిపోతే మొక్క వాడిపోతుందని తెలియడం, ఇవన్నీ ఏ ట్యూషన్ సెంటర్‌లోనూ దొరకని చదువు. నేను వెళ్ళడం వల్లే మావాడు మారాడని చెప్పను. టీచర్ వాడికీ ఇంకో పిల్లాడికీ కలిపి లైబ్రరీ పుస్తకాల బండి తోసే పని ఇచ్చారు. వేసవి సెలవులొచ్చే నాటికి ఇద్దరూ కంచె వదిలి ఆటలోకి వచ్చారు. ఆ సంగతి నాకు తెలిసింది మాత్రం నేనక్కడ ఉండబట్టే.

పోయిన వసంతంలో మా నాన్న వచ్చారు. దివిసీమలో ముప్పై ఏళ్ళు ప్రాథమిక పాఠశాల టీచరుగా చేశారు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఆ తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. వాటిలో బడులు కూడా నడిచేవి. నాన్న మొదట్లో చేసిన బడి అలాంటిదే. టీచరు ఒక్కరు, తరగతులు అయిదు. ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దించే పని నాలుగో తరగతి వాళ్ళది. తుఫాను కబురొస్తే పలకలు మూలకి సర్దేసేవారట. ఊరు ఊరంతా చాపలు, బియ్యం మూటలు పట్టుకుని ఆ గదుల్లోకే వచ్చేది. గాలి తగ్గాక బురద కడిగి, ఊడ్చి బడిని మళ్ళీ పిల్లలకి అప్పజెప్పేదీ ఊరివాళ్ళే. పిల్లాడు రెండు రోజులు రాకపోతే నాన్న సైకిలేసుకుని ఇంటికే వెళ్ళేవారు. చంటిపిల్లని చూసుకుంటున్నాడనో, చెరువు పనికి పోయాడనో అప్పుడు బయటపడేది.

ఆయన్ని ఒకరోజు మనవడితో లంచ్‌కి బడికి తీసుకెళ్ళాను. చిన్నపిల్లల బల్ల దగ్గర మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని అంతా చూశారు. టెక్సస్ చట్టం కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో తరగతి దాకా, ప్రత్యేక మినహాయింపు ఉంటే తప్ప, గదికి 22 మందిని మించనివ్వదని చెబితే చాలా సంతోషించారు. రాత్రి భోజనాల దగ్గర అన్నారు: "అంతా బాగుందమ్మా. ఆ బళ్ళో మన పిల్లలే సగం మంది కనపడ్డారు. పుస్తకాలు సర్దేవాళ్ళలో, పిల్లల చేత చదివించేవాళ్ళలో మనవాళ్ళు నువ్వు తప్ప ఇంకెవరూ లేరేం?"

ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే రాస్తున్నాను. మనకి టైం లేదంటాం. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళలో అది నిజమే. కానీ హెచ్4 మీద, అంటే ఇక్కడ ఉద్యోగం చేసే భర్త వీసాకి అనుబంధంగా వచ్చే వీసా మీద, ఇంట్లోనే ఉంటూ, పగలంతా మాట్లాడే మనిషి లేక దిగులు పడే ఆడపిల్లలు మన అపార్ట్‌మెంట్లలో ఎంతమంది లేరు? వాళ్ళలో నేనూ ఒకదాన్ని. నాకు ఈ దేశంలో మొదటి స్నేహితులు ఆ వరండాలోనే దొరికారు. యాస గురించి బెంగ వద్దు, ఏడేళ్ళ పిల్లలు దాన్ని పట్టించుకోరు. నాన్నల కోసం వాచ్ డాగ్స్ అనే కార్యక్రమం చాలా బళ్ళలో ఉంది, 1998లో అర్కాన్సాలోని స్ప్రింగ్‌డేల్‌లో ఒక బడిలో మొదలైంది. ఏడాదిలో ఒక్క రోజు సెలవు పెట్టి బడిలో గడిపితే చాలు. మావారు వెళ్ళిన రోజు మావాడు రాత్రి పడుకునేదాకా ఆ కబుర్లే చెప్పాడు.

ఇంకో మాట కూడా వింటుంటాను. "మా పిల్లలకి మేం ఇంట్లో చెప్పుకుంటాం, బడితో పనేముంది?" అని. బడి మన పిల్లాడొక్కడిదే కాదు కదా. పక్క కుర్చీలో కూర్చునే పిల్లాడికి ఇంట్లో చదివించేవాళ్ళు లేకపోతే ఆ గంట మనం ఇవ్వొచ్చు. 1897లో వాషింగ్టన్‌లో తల్లులు కూడి పెట్టుకున్న సంఘమే ఇవాళ్టి పీటీఏ, అంటే తల్లిదండ్రులూ టీచర్లూ కలిసి నడిపే సంఘం. టెక్సస్‌లో స్కూల్ బోర్డు ట్రస్టీలకి జీతం ఉండదు. ఎన్నికల్లో గెలిచి, సాయంత్రాలు కూర్చుని పని చేస్తారు. ఆ మీటింగులకి ఎవరైనా వెళ్ళొచ్చు. సిటిజన్‌షిప్ వచ్చినవాళ్ళు ఆ ఎన్నికల్లో ఓటు కూడా వెయ్యాలి. మన వీధిలో ప్రెసిడెంట్ ఎన్నికల మీద గంటల తరబడి వాదించుకుంటాం, స్కూల్ బోర్డుకి ఎవరు నిలబడ్డారో మాత్రం తెలియదు.

సొంత ఊరి బడికీ ఇదే వర్తిస్తుంది. గదులు కట్టిస్తున్నాం, బల్లలు, కంప్యూటర్లు ఇస్తున్నాం, అది మంచి పనే. కానీ 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అక్కడి సర్కారు బడికి ఒక కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఈసారి ఊరెళ్ళినప్పుడు శిలాఫలకం దగ్గర ఫొటో దిగాక, ఆ అమ్మలతో ఒక పూట కూర్చోండి. ఏం కావాలో వాళ్ళనే అడగండి. మూడో తరగతి పిల్లనొకదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ చదివించుకోండి. తడబడితే అయిదు లెక్కపెట్టండి.

ఇక్కడి మన తెలుగు సంఘం పెద్దలకి ఒక విన్నపం. ఇక్కడ ఆగస్టు మధ్యలో బళ్ళు తెరుస్తారు. ఆ రోజుల్లోనే మనం పార్కులో పిక్నిక్ పెట్టుకుంటాం. ఈ ఏడు పులిహోర గిన్నెల పక్కన ఇంకో బల్ల వేసి, రెండు ల్యాప్‌టాప్‌లు పెట్టి, వచ్చినవాళ్ళ చేత వాలంటీర్ ఫారాలు అక్కడికక్కడే నింపిద్దాం. ఏ బడి వాళ్ళని ఆ బడి వారీగా ఒక వాట్సాప్ గ్రూపులో కలిపితే, ఒక్కరే వెళ్ళడానికి జంకేవాళ్ళు ఇద్దరుగా వెళ్తారు. ఆ బల్ల దగ్గర కూర్చునే పని నేను తీసుకుంటాను.