చక్రాల మీద ఇన్వర్టర్

హైబ్రిడ్ కారు, అంటే పెట్రోలు ఇంజినూ బ్యాటరీతో నడిచే మోటారూ రెండూ ఉన్న కారు, కొనమంటారా అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. డబ్బు మిగులుతుందనుకుని కొనేటట్లయితే వద్దు. సరదాకైతే కొనుక్కోండి, ఎవరి సొమ్ము వారిది.

మా బావమరిది ఇల్లు మెహిదీపట్నంలో, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. టెస్ట్ డ్రైవ్‌కు నన్ను కూడా వెంటబెట్టుకెళ్లాడు. షేక్‌పేట ఫ్లైఓవర్ దిగాక, రోజూ జరిగేదే, బండ్లన్నీ నిలిచిపోయాయి. మా కారు ఇంజిన్ ఆగింది, చల్లగాలి మాత్రం ఆగలేదు. "చూశారా బావా, చుక్క పెట్రోలు కాలడం లేదు" అన్నాడు. అయిదారు నిమిషాలు గడిచాయో లేదో తెర మీద బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే తగ్గాయి. ఎవరూ పిలవకుండానే ఇంజిన్ లేచి కూర్చుంది. ఇందులో వింత లేదు. ఈ తరగతి కార్లలో ఉండే బ్యాటరీలో పట్టేది ముప్పావు యూనిట్ కరెంటు. దాంతో ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ గంటసేపు కూడా నడవదు. బ్రేకు వేసినప్పుడల్లా వృథాగా పోయే శక్తిని ఆ చిన్న డబ్బాలో దాచుకుని, మళ్లీ బండి కదిలేటప్పుడు వాడుకోవడమే దీని కిటుకు.

కిటుకు గొప్పదే. టయోటా 1997లో ప్రియస్ కారుతో జపాన్‌లో మొదలుపెట్టిన ఈ పద్ధతి నేటికీ అద్భుతంగా పనిచేస్తోంది. మారుతి గ్రాండ్ విటారాలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు, అంటే కొంతదూరం ఉత్త కరెంటుతోనే నడవగల రకానికి, ధ్రువీకరించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. అదే కారులో 'స్మార్ట్ హైబ్రిడ్' అనే మరో రకం ఉంది. అది ఉత్త కరెంటుతో అంగుళం కూడా కదలదు, పేరులో మాత్రం హైబ్రిడ్ ఉంటుంది. అలాంటి అరకొర హైబ్రిడ్లకు కూడా కేంద్రం 2015 నుంచి 2017 దాకా ఎలక్ట్రిక్, హైబ్రిడ్ వాహనాలను ప్రోత్సహించే ఫేమ్ పథకం కింద రాయితీలు ఇచ్చిందన్నది వేరే కథ.

ఇక లెక్క. బావమరిది నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాడు. నగరంలో మామూలు పెట్రోలు ఆటోమేటిక్ లీటరుకు 12, హైబ్రిడ్ 20 ఇస్తాయనుకుందాం. లీటరు 107 రూపాయలనుకుంటే నెలకు మిగిలేది సుమారు 3,570 రూపాయలు. రెండు కార్లకూ రోడ్డెక్కే ధరలో తేడా మూడు లక్షలనుకుంటే, తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్ల అప్పు మీద నెలసరి కిస్తీ 4,800 దాటి పెరుగుతుంది. అంటే ఏడేళ్లపాటు ప్రతి నెలా పన్నెండు వందలకు పైగా చేతి నుంచే పోతుంది. కిస్తీలు తీరాక మిగిలేది కూడగట్టుకుంటే పెట్టిన డబ్బు చేతికి వచ్చేసరికి తొమ్మిదిన్నరేళ్లు. బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లకే అయిపోతుంది! ఖరీదైన బండికి బీమా కూడా ఎక్కువే, దాన్ని ఈ లెక్కలో కలపనేలేదు. డిక్కీ సంగతి సరేసరి. బ్యాటరీ అక్కడ చోటు తినేస్తుంది కాబట్టి సంక్రాంతికి ఊరి నుంచి తెచ్చే బియ్యం బస్తా వెనక సీటెక్కాల్సిందే.

హైబ్రిడ్ అభిమానుల వాదన తీసిపారేసేది కాదు. చార్జింగ్ పాయింటు కోసం అపార్టుమెంటు సంఘంతో తగాదా పడక్కర్లేదు. బండి నిశ్శబ్దంగా సాగుతుంది, పొగ తగ్గుతుంది, తిరిగి అమ్మినప్పుడు మంచి ధర రావచ్చు. ఇవన్నీ సుఖానికి సంబంధించిన లాభాలు. సుఖానికి ధర పెట్టి కొనుక్కుంటున్నామని ఒప్పుకుంటే నాకు పేచీ లేదు. కాకపోతే షోరూములో చెప్పేది సుఖం గురించి కాదు, పొదుపు గురించి.

నిజంగా లాభపడేవాడు క్యాబ్ డ్రైవరు. ఏడాదికి నలభై వేల కిలోమీటర్లు నగరంలోనే తిరిగేవాడికి ఇదే లెక్కన లక్షా నలభై వేలు మిగులుతాయి. రెండు మూడేళ్లలో తేడా తీరిపోతుంది. కానీ ఆ ధర పెట్టలేక అతను డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ పెట్టుకుని తిరుగుతున్నాడు. పెట్టగలిగినవాడి కారేమో వారంలో సగం రోజులు సెల్లారులో ముసుగు కప్పుకుని ఉంటోంది.

ప్రభుత్వాల తీరు ఇంకా విచిత్రం. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలైన కొత్త జీఎస్టీలో ఎలక్ట్రిక్ కారుకు 5 శాతం, నేను చెబుతున్న హైబ్రిడ్లకు 40 శాతం. పెట్రోలు తాగే పెద్ద ఎస్‌యూవీకీ అంతే. ఉత్తరప్రదేశ్ 2024లోనే స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేస్తే, అదే ఏడాది తెలంగాణ ఇచ్చిన మినహాయింపు ఎలక్ట్రిక్ వాహనాలకే పరిమితమైంది. మూడు లక్షల అదనపు ధరలో జీఎస్టీ, లైఫ్ ట్యాక్స్ కలిపి లక్షకు అటూఇటూగా ఖజానాకే పోతుంది. తెలంగాణలో పెట్రోలుపై వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, దాని మీద లీటరుకు అయిదు రూపాయల అదనపు వడ్డన. మనం ఆదా చేసే ప్రతి లీటరుకూ రాష్ట్రం పాతిక రూపాయలకు పైగా పోగొట్టుకుంటుంది. ఇంధనం పొదుపు చేయండని గోడల మీద రాయించేది కూడా ఈ ప్రభుత్వాలే.

నన్ను అన్నిటికన్నా బాధించే సంగతి ఇంకొకటుంది. హైబ్రిడ్ ఎక్కడ ఎక్కువ మిగులుస్తుంది? ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద వేగంతో సాగిపోతుంటే బ్రేకుతో పని పడదు, దాచుకునేందుకు శక్తీ ఉండదు. మామూలు కారుతో తేడా బాగా తగ్గిపోతుంది. అది తన ప్రతాపం చూపేది అడుగు వేసి ఆగే చోట, ఆగి అడుగు వేసే చోట. అంటే నగరం ఎంత పాడైతే ఈ బండి అంత లాభం.

ఉమ్మడి రాష్ట్రంలో 2012, 2013 నాటి కోతలు గుర్తున్నాయి కదా. అప్పుడు ప్రతి ఇంట్లో ఓ మూలన ఇన్వర్టర్ వెలిసింది. నల్లా నీళ్లను నమ్మలేక ఆర్‌వో యంత్రం, బోరు ఎండితే ట్యాంకరు, సర్కారు బడి నచ్చక ప్రైవేటు ఫీజు. ప్రభుత్వం చేయాల్సిన పని చేయకపోతే మధ్యతరగతి మనిషి నిలదీయడు, వస్తువు కొనుక్కుంటాడు. కొన్నాక ఇక నిలదీయాల్సిన అవసరమే కనబడదు. ఆ వరసలో తాజాగా చేరింది హైబ్రిడ్ కారు. రోడ్డు కదలకపోయినా పర్సు కాలకుండా ఉండేందుకు మూడు లక్షలు పెట్టి కొనుక్కునే చక్రాల ఇన్వర్టర్.

హైదరాబాద్ మెట్రో 69 కిలోమీటర్లకు చేరింది 2020 ఫిబ్రవరిలో. తర్వాత పట్టాలు పెరగలేదు, మూడు బోగీల రైళ్లే పొద్దునా సాయంత్రం కిక్కిరిసి తిరుగుతున్నాయి. విజయవాడ, విశాఖల మెట్రో ప్రస్తావన 2014 విభజన చట్టంలోనే ఉంది. అక్కడ ఇప్పటికీ రైలు లేదు. 2019 సమ్మె తర్వాత హైదరాబాద్‌లో తగ్గిన సిటీ బస్సుల సంఖ్య వందల్లో ఉంటుంది. మెహిదీపట్నానికైతే మెట్రో లేనే లేదు. బావమరిది మెట్రోలో ఆఫీసు వైపున్న రాయదుర్గం స్టేషన్‌కు వెళ్లాలంటే ముందు ఇంకో దిక్కుకు పోయి అమీర్‌పేటలో ఎక్కాలి.

ఆరోజు కారులో ముగ్గురం ఉన్నాం, వెనక సీట్లో షోరూము కుర్రాడితో కలిపి. మా పక్కనే సిటీ బస్సు ఆగి ఉంది, ఫుట్‌బోర్డు మీద మనుషులు వేలాడుతున్నారు. ఒకతను మా కారు తెర వైపు వంగి చూస్తున్నాడు. మైలేజీ 23.4 అని వెలుగుతోంది. వేగం దగ్గర సున్నా ఉంది.