మూడో పిన్ను పీకమన్న మహానుభావుడికి

"హోమ్ థియేటర్ ప్రీయాంప్: షాపువాళ్లు మీకు చెప్పని 9 నిజాలు" అని ఒక మెసేజ్ తిరుగుతోంది. ఒంగోలులో స్కూలు స్నేహితుల గ్రూపులో వచ్చింది, నెల్లూరు బంధువుల గ్రూపులో వచ్చింది, కావలి నుంచి మా బావగారు "ఇది నీ సబ్జెక్టే కదా, చూడు" అని విడిగా పంపారు. కింద "ఇట్లు, ఒక సౌండ్ ఇంజనీర్" అని ఉంది. పేరు లేదు. ఉంటే ఈ జవాబు నేరుగా ఆయనకే పంపేవాణ్ని.

ఇంట్లో ప్రీయాంప్ పెట్టుకున్నవాణ్ని కాబట్టి నేనే ఏదో ఒకటి చెప్పాలని అందరి ఉద్దేశం. (ప్రీయాంప్ అంటే సినిమా సౌండ్‌ని విప్పి, సరిచేసి పవర్ యాంప్‌కి పంపే డబ్బా. స్పీకర్లను మోగించేది ఆ పవర్ యాంప్.) ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. మొన్న ఒక తమ్ముడు "నాలుగో పాయింటు చేసి చూశా అన్నా, బ్రహ్మాండంగా పనిచేసింది" అని గ్రూపులో పెట్టాడు. కింద బొటనవేళ్లు వరసగా పడ్డాయి. ఇక ఊరుకోవడం కుదరదు. ఆ నాలుగోది ప్లగ్గుల్లో ఎర్తు పిన్ను పీకేయమంటుంది. దాని దగ్గరికి వెళ్లేలోపు దారికి అడ్డమున్న చిల్లరంతా తీసేద్దాం.

మొదటి నిజం: "వాట్లు ఎక్కువున్న ప్రీయాంప్ కొనండి." ప్రీయాంప్ స్పీకర్లకు వాట్లివ్వదు. వెనక స్టిక్కర్ మీద కనపడేవి అది తాగే కరెంటు లెక్క. స్పీకర్ వైరు తగిలించడానికి చోటే లేని డబ్బాలో వాట్లు వెతికిన ఇంజనీరు గారు మిగతా ఎనిమిది ఎలా రాసి ఉంటారో ఇక్కడే తెలిసిపోవాలి.

మూడోది: "ప్రీయాంప్ కింద గెలాక్సీ గ్రానైట్ పలక పెడితే వైబ్రేషన్ పోయి సౌండ్ క్లియర్ అవుతుంది." చీమకుర్తి పక్కన ఉన్నవాళ్లం, మనకు పలకలకేం కొదవ, పెట్టుకోండి. రికార్డ్ ప్లేయర్ కింద పెట్టమంటే కాస్త అర్థముంది, దానికి ముల్లు ఉంటుంది. ప్రీయాంప్‌లో వణికి పాడయ్యేదేమీ లేదు. పలక మెరుస్తుంది, అంతవరకు లాభమే.

ఐదోది: "200 గంటలు వాడాకే అసలు సౌండ్ బయటికొస్తుంది." 200 గంటలయ్యేసరికి షాపువాడు సెట్టు వెనక్కి తీసుకునే గడువు దాటిపోతుంది. ఆ అంకె ఎవరికి పనికొస్తుందో మీరే ఆలోచించుకోండి. మారేది మన చెవి, అది కొత్త సెట్టుకు అలవాటు పడుతుంది.

ఆరోది: బంగారు పూత ఉన్న ఖరీదైన హెచ్‌డీఎమ్‌ఐ వైరుతో "గొంతులో తీపి" పెరుగుతుందట. ఆ వైరులో పోయేది అంకెలు. వైరు బాగాలేకపోతే బొమ్మ మీద చుక్కలు పడతాయి, సౌండ్ తెగుతుంది, లేదా స్క్రీన్ నల్లబడుతుంది. గొంతు కాస్త చేదెక్కడం అనేది ఉండదు. ప్రొజెక్టర్‌కి దూరంగా లాగాల్సి వస్తే మంచి వైరు కొనండి, ఆ మాట వేరు.

ఏడోది చదివి మాత్రం గట్టిగా నవ్వాను. "వాల్యూమ్ మైనస్ 30, మైనస్ 20 అని చూపిస్తే సెట్టు నకిలీది." సినిమా మిక్సింగ్ చేసినప్పటి స్థాయిని సున్నా అనుకుని, దానికి ఎంత కింద వింటున్నామో చూపించే అంకె అది. అన్నీ సరిగ్గా సెట్ చేసి సున్నా దగ్గర పెడితే ఒక్కో స్పీకర్ పెద్ద శబ్దాల్లో 105 డెసిబెల్స్ దాకా పోతుంది. మైనస్ చూపిస్తోందని సెట్టు వాపసు ఇచ్చేవాళ్లుంటే నాకు చెప్పండి, సగం ధరకు నేను తీసుకుంటా.

ఇప్పుడు కాస్త నిలబడి మాట్లాడాల్సినవి. రెండో నిజం ఇది: "రిసీవర్ అమ్మేసి ప్రీయాంప్ పెట్టుకుంటే సూళ్లూరుపేట పెద్ద థియేటర్ సౌండ్ మీ హాల్లోనే." (రిసీవర్ అంటే ప్రీయాంప్, పవర్ యాంప్ రెండూ ఒకే డబ్బాలో ఉన్నది.) 2019లో ఆ థియేటర్ తెరిచినప్పుడు మన జిల్లాల వాళ్లం కార్లేసుకుని వెళ్లినవాళ్లమే. (అప్పుడు సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. సౌండ్ మారలేదు.) వంద అడుగులకు పైగా వెడల్పున్న తెర, దానికి తగ్గ హాలు, ఆ హాలంతటా శబ్దాన్ని మింగే గోడలు. మన ఇల్లో? కింద గ్రానైటు, పైన స్లాబు, నాలుగు వైపులా నున్నటి గోడలు, ఒక పక్క గాజు కిటికీ. చప్పట్లు కొడితే ఇంకోరు కొట్టినట్టు వినపడుతుంది. అందులో ఏ సెట్టు పెట్టినా డైలాగులు కలగాపులగమే.

బేసు సంగతి ఇంకా ఘోరం. 14 అడుగుల పొడవున్న హాల్లో సుమారు 40 హెర్ట్జ్ దగ్గర శబ్దం రెండు గోడల మధ్య ఇరుక్కుని ఊగుతుంది. గోడకు ఆనించిన సోఫాలో కూర్చున్నవాడికి గుండె అదురుతుంది, సరిగ్గా హాలు మధ్యలో కుర్చీ వేసుకున్నవాడికి అదే బేసు మాయమవుతుంది. ప్రీయాంప్‌లోని రూమ్ కరెక్షన్ (మైకుతో గదిని కొలిచి సౌండ్ సరిచేసే ఏర్పాటు) ఎక్కువైన చోట తగ్గించగలదు. మాయమైన చోట ఎంత పెంచినా రాదు, యాంప్‌కీ, బేసు మోగించే సబ్‌ఊఫర్‌కీ ఆయాసమే మిగులుతుంది. సబ్‌ఊఫర్‌ని ఒక మూల నుంచి ఇంకో చోటికి జరపడం, నేల మీద మందపాటి తివాచీ, కిటికీకి బరువైన పరదా, వెనక గోడకు పుస్తకాల బీరువా. వీటితో వచ్చే తేడా ముందు రిసీవర్‌కీ ప్రీయాంప్‌కీ ఉన్న తేడా లెక్కలోకే రాదు. ఒకే కంపెనీ పెద్ద రిసీవర్‌లోనూ ప్రీయాంప్‌లోనూ డీకోడింగ్, రూమ్ కరెక్షన్ ఒకటే ఉండటం మామూలు. మరి నువ్వెందుకు కొన్నావంటారా? నా స్పీకర్లు 4 ఓమ్‌లవి, కరెంటు గట్టిగా లాగుతాయి. వాటికి విడి పవర్ యాంప్ కావాల్సొచ్చింది. ఆ అవసరం లేనివాళ్లు రిసీవర్‌తో హాయిగా ఉండండి.

ఎనిమిదోది: "షాపులో రెండు ప్రీయాంప్‌లు పక్కపక్కన పెట్టి వినండి, చెవి అబద్ధం చెప్పదు." చెప్తుందండీ, బాగా చెప్తుంది. రెంటిలో ఒకటి అర డెసిబెల్ గట్టిగా ఉంటే చాలు. గట్టిగా ఉందని మనకు తెలియదు, "దీంట్లో లోతు ఉంది సార్" అంటాం. అమ్మేవాడికి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. నిజంగా పోల్చాలంటే ఒక టెస్ట్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజీ చూసి, రెండూ ఒక శాతం తేడాలోపు ఉండేలా వాల్యూమ్ సరిచేయాలి. రూమ్ కరెక్షన్ రెంటిలోనూ ఆపాలి. ఏది మోగుతోందో వినేవాడికి తెలియకూడదు. ఇంత చేశాక కూడా తేడా స్పష్టంగా పట్టుకున్నవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టి కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇక నాలుగోది. మెసేజ్‌లో ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నా: "స్పీకర్లలో గుయ్‌మని హమ్ వస్తుంటే ప్రీయాంప్, పవర్ యాంప్, సబ్‌ఊఫర్ అన్నిటి ప్లగ్గుల్లోనూ ఎర్తు పిన్ను తీసేయండి. హమ్ వెంటనే పోతుంది. ఎర్తు సౌండ్‌కి శత్రువు."

హమ్ పోతుంది. అదే దీనితో వచ్చిన చిక్కు. పనిచేయని సలహా అయితే రెండో రోజుకు అందరూ మర్చిపోయేవాళ్లు.

ఎందుకు పోతుందంటే, పవర్ యాంప్ ఒక గోడ ప్లగ్గు దగ్గర ఎర్తవుతోంది, ప్రీయాంప్ ఇంకో గోడ దగ్గర, కేబుల్ టీవీ వైరు పైతొడుగు వీధిలో ఎక్కడో స్తంభం దగ్గర. ఈ మూడు చోట్ల మధ్యా కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉంటుంది. ఆ తేడాకు ఆడియో వైర్ల పైతొడుగు దారి అవుతుంది, కరెంటు చుట్టు తిరుగుతుంది, మన 50 హెర్ట్జ్ సరఫరా స్పీకర్‌లో గుయ్‌మంటుంది. పిన్ను పీకితే ఆ చుట్టు తెగుతుంది. దాంతోపాటు మీ ఇంట్లోవాళ్లకున్న రక్షణా తెగుతుంది.

యాంప్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతింది, లేదా ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలింది. ఎర్తు ఉంటే కరెంటు ఒక్కసారిగా అటు పోయి ఫ్యూజు కాలుతుంది, ఎమ్‌సీబీ పడిపోతుంది. ఎర్తు లేకపోతే ఏమీ జరగదు. సెట్టు పాడుతూనే ఉంటుంది. బాడీ మీద 230 వోల్టులుంటాయి. అన్నిటి పిన్నులూ పీకమన్నారు కదా, సెట్ల మధ్య ఉండే ఆర్‌సీఏ ఆడియో వైరు పైతొడుగు పట్టుకుని ఆ వోల్టులు ప్రీయాంప్‌కీ, అక్కణ్నుంచి సబ్‌ఊఫర్‌కీ, టీవీకీ చేరతాయి. అప్పుడే తడిగుడ్డ పెట్టిన గ్రానైటు నేల మీద చెప్పుల్లేకుండా నడిచేది ఎవరు? ఆ నాబ్‌లు తిప్పాలని చూసే చంటోడు ఎంత ఎత్తుంటాడు? ఇంజనీరు గారి సంతకానికి ఇవేమీ పట్టలేదు.

"మా ఇంట్లో ఆర్‌సీసీబీ ఉందిలే" అన్నాడు ఇంకొకాయన. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (లీకేజీ కనిపెట్టి కరెంటు ఆపేసే స్విచ్) మంచి వస్తువు, లేనివాళ్లు పెట్టించుకోండి. ఎర్తు ఉంటే లీకేజీ మొదలవగానే అది పడిపోతుంది. ఎర్తు లేకపోతే ఎవరో ఒకరు పట్టుకున్నాక పడుతుంది. ఆ ఒకరు ఎవరై ఉండాలో ఇంట్లో చీటీలేసి తేల్చుకోండి.

"మా పాత రిసీవర్‌కి కంపెనీయే రెండు పిన్నులిచ్చింది కదా" అనేది ఇంకో వాదన. ఇచ్చింది. లోపల రెండు పొరల ఇన్సులేషన్‌తో కట్టి, వెనక చతురస్రంలో చతురస్రం గుర్తు వేసి ఇచ్చింది. మూడు పిన్నులతో వచ్చిన సెట్టు అలా కట్టింది కాదు, పీకినంత మాత్రాన అలా అయిపోదు.

పిన్ను పీకాక సెట్టు మీద వేలు రాస్తే చిమచిమలాడుతుంది. గ్రూపులోని ఆ తమ్ముడు అది "స్టాటిక్" అని తేల్చేశాడు. కరెంటులో వచ్చే చెత్తను ఎర్తులోకి పంపడానికి లోపల కెపాసిటర్లుంటాయి. ఎర్తు దారి మూసేస్తే వాటి ద్వారా బాడీ మీద సుమారు సగం వోల్టేజీ తేలుతుంది. కరెంటు స్వల్పం కాబట్టి మనిషికి చిమచిమతో సరిపోతుంది. అలా తేలుతున్న సెట్టుకు హెచ్‌డీఎమ్‌ఐ వైరు గుచ్చితే పోర్టు కాలిపోవచ్చు. ప్రాణం మీద తీపి లేనివాళ్లు కనీసం హెచ్‌డీఎమ్‌ఐ బోర్డు ఖరీదు కనుక్కోండి.

మరి హమ్‌కి ఏం చేయాలి? అన్నీ ఆపి, ప్రీయాంప్‌కి వచ్చే వైర్లన్నీ పీకి, ఆన్ చేసి వినండి. హమ్ లేకపోతే ఒక్కొక్కటే తిరిగి పెట్టుకుంటూ రండి. మన ఊళ్లలో దొంగ ఎక్కువసార్లు సెట్‌టాప్ బాక్స్‌కి వచ్చే కేబుల్ వైరే. దాన్ని తీయగానే హమ్ ఆగితే, ఆ వైరుకి మధ్యలో పెట్టే ఐసోలేటర్ దొరుకుతుంది, తగిలించండి. (డిష్ వైరుకి అది పనికిరాదు, గొడుగు దగ్గరి భాగానికి కరెంటు ఆ వైరులోనే పోవాలి.) అన్ని సెట్లనూ ఒకే గోడ ప్లగ్గు నుంచి, ఒకే బోర్డు మీద నడపండి, దీంతోనే చాలామందికి సమస్య పోతుంది. సబ్‌ఊఫర్ దూరంగా ఉంటే దాని ఆడియో వైరులో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ప్రీయాంప్‌కీ పవర్ యాంప్‌కీ రెంటికీ బ్యాలన్స్‌డ్ సాకెట్లు (మూడు పిన్నుల ఆడియో సాకెట్లు) ఉంటే వాటికి సరిపోయే ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లు వాడండి, అవి ఉన్నదే ఇందుకు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే బుర్రుమంటుంటే అది ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు గోల. ఆ కాసేపు సినిమా ఆపి మజ్జిగ తాగండి.

అసలు ఇంటి ఎర్తే సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మన ప్రకాశం ఎండలకు మే నెలలో ఎర్తు గుంత ఎండిపోయి ఉంటుంది. నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో పెద్దవాళ్లను అడగండి.

ఇంత తిట్టాక చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. తొమ్మిదో నిజం నిజమే. "ప్రీయాంప్ కొత్తది కొనకండి, నాలుగైదేళ్లు వాడినది కొని, మిగిలిన డబ్బు స్పీకర్లు, పవర్ యాంప్ మీద పెట్టండి." ఈయనకు ఈ ఒక్కటి ఎవరు చెప్పారో గాని, నా జేబు కూడా ఇదే అంటుంది. హెచ్‌డీఎమ్‌ఐ 1.4 వచ్చింది 2009లో, 2.0 వచ్చింది 2013లో, 2.1 వచ్చింది 2017లో. ఇళ్లలోకి అట్మాస్ (తల పైనుంచి కూడా సౌండ్ వినిపించే పద్ధతి) 2014లో వచ్చింది. మారినప్పుడల్లా పాత ప్రీయాంప్ ధర పడిపోయింది. 20 ఏళ్ల నాటి పవర్ యాంప్ మాత్రం ఇవాళ్టికీ అదే పని అంతే బాగా చేస్తోంది. పైగా కొత్తదనం కోసం తొందరపడ్డవాళ్లకు ఏమైందో 2020లో చూశాం. హెచ్‌డీఎమ్‌ఐ 2.1 అని అమ్మిన తొలి సెట్లలో కొన్ని, చిప్పులో లోపం వల్ల కొత్త ఎక్స్‌బాక్స్ పంపే 4కే 120 హెర్ట్జ్ బొమ్మను దాటించలేకపోయాయి. గేములాడే పిల్లలు ఇంట్లో లేకపోతే 2.0 ఉన్న పాత ప్రీయాంప్ సినిమాలకు ఇప్పటికీ సరిపోతుంది.

పాతది కొనేటప్పుడు ప్రతి హెచ్‌డీఎమ్‌ఐ పోర్టులోనూ వైరు గుచ్చి బొమ్మ చూడండి, ఒక్కటి చూసి వదిలేయొద్దు. ఎర్తు పిన్ను లేని ప్లగ్గు కనపడితే ఆ సెట్టు ఎలాంటి ఇంట్లోంచి వస్తోందో ఊహించి పోర్టులు రెండోసారి చూడండి. అమెరికాలో ఉన్న బాబాయి కొడుకు తెచ్చిందైతే వెనక 120 వోల్టులు అని రాసుంటుంది, నేరుగా మన ప్లగ్గులో పెడితే పొగే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, అదీ ఎర్తు ఉన్నది. రూమ్ కరెక్షన్ మైకు డబ్బాలో ఉందో లేదో అడగండి. పోయిందంటే అదే మోడల్‌కి ఇచ్చే మైకు ధర కనుక్కుని అంత తగ్గించమనండి, ఏదో ఒక మైకు పెట్టి కొలిస్తే లెక్క తప్పుతుంది.